మెయిల్లో పెట్టని మాట

కోరాపుట్ డిపో నుంచి వచ్చిన మొదటి మెయిల్ చూసి కస్తూరికి ఏడుపొచ్చినంత పనయింది.

సబ్జెక్ట్ లేదు. డియర్ సర్ లేదు. చివర రిగార్డ్స్ లేదు. ఉన్నది ఒకటే వాక్యం. 'నా స్టాక్ ఎక్కడ' అని ఇంగ్లీషులో, మొత్తం కాపిటల్ లెటర్స్‌లో.

కాపిటల్ లెటర్స్‌లో రాస్తే అరిచినట్టు లెక్క. ఈ సంగతి విశాఖపట్నం హెడ్డాఫీసు పంపిన కాగితంలో ఉంది. 'మెయిల్ రాసేటప్పుడు పాటించవలసిన మర్యాదలు' అని పైన పెద్ద హెడ్డింగు. రాయగడ ఆఫీసులో కంప్యూటర్ పక్క గోడకి ఆ కాగితాన్ని కస్తూరే అంటించింది. రోజూ పొద్దున్న కంప్యూటర్ వేసే ముందు ఒకసారి చదువుకునేది.

తల్లి పోయాక గుడారి దగ్గర పల్లెలో అమ్మమ్మ ఇంట్లో ఉండి బడికెళ్ళిన పిల్ల. బళ్ళో ఎవరూ ఆమె గొంతు గట్టిగా విన్నది లేదు. రాయగడ వచ్చి కంప్యూటర్ కోర్సు చేశాక, రైతులకి మోటార్లూ పైపులూ అమ్మే ఈ కంపెనీలో ఉద్యోగం దొరికింది. మాట్లాడకుండా రాసి పెట్టే పని. అందుకే నచ్చింది.

ఆమె జవాబు రాసింది. డియర్ సర్, మీ స్టాక్ సోమవారం బయల్దేరింది. దయచేసి ఇకపై కాపిటల్ లెటర్స్ వాడకుండా ఉండగలరని ప్రార్థన. రిగార్డ్స్.

సాయంత్రానికి తిరుగు మెయిల్ వచ్చింది. 'సారీ' అని ఒక్క మాట. అదీ కాపిటల్స్‌లోనే.

మర్నాడు ఫోన్ మోగింది.

"హలో, రాయగడ ఆఫీసాండీ? అరవొద్దన్న మేడమ్ ఉన్నారా?"

"నేనే మాట్లాడుతున్నాను."

"నేను గిరీష్‌నండి, కోరాపుట్ డిపో. నేనెక్కడ అరిచేనండీ? నా గొంతు మా అమ్మకే వినపడదు."

"కాపిటల్ లెటర్స్‌లో రాస్తే అరిచినట్టే."

"మా డిపోలో కంప్యూటరే లేదండి. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళి కొడతాను. అక్కడ కీబోర్డుకి కాప్స్ లాక్ ఇరుక్కుపోయింది. ఆ ఓనరు అగరొత్తి పుల్ల పెట్టి పొడిచేడు. రాలేదు."

కస్తూరికి నవ్వొచ్చింది. వినపడకుండా రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుంది.

"మరి డియర్ సర్ ఎందుకు పెట్టలేదు?"

"డియర్ సర్ కొట్టేలోగా కరెంటు పోతాదండి."

"పోయినా పెట్టాలి."

"హఉ హఉ," అన్నాడు. కోరాపుట్ తెలుగువాళ్ళకి సరే అనడానికి కూడా ఒడియా మాటే ముందొస్తుంది.

ఆ వారం అతని మెయిల్లో డియర్ సర్ ఉంది, కైండ్లీ ఉంది, కింద విత్ రిగార్డ్స్ ఉంది. అన్నీ కాపిటల్ లెటర్సే. ఎవరో చేతులు జోడించి మరీ అరుస్తున్నట్టుంది. కస్తూరి ఆ మెయిల్ రెండోసారి చదువుకుంది. పనేమీ లేదు, ఊరికే.

రాయగడ ఆఫీసు మేనేజరు త్రినాథరావు బొబ్బిలి వైపు మనిషి. మనసు మంచిది, నోరు మంచిది కాదు. స్క్రీన్ చూస్తే కళ్ళంట నీళ్ళు కారతాయని కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు. కుర్చీలో వెనక్కి వాలి తెలుగులో చెప్పుకుపోతే కస్తూరి ఇంగ్లీషులో కొట్టాలి.

"రాయమ్మీ. 'ఒరే గిరీషూ, కుందుర డీలరు నా నెత్తి మీద కూకున్నాడు. పైపులు ఇంకా అందలేదట. డిపోలో తొంగున్నావేట్రా, సచ్చేవేట్రా?' రాసేవా?"

"రాస్తున్నాను సార్."

ఆమె కొట్టింది. డియర్ మిస్టర్ గిరీష్, కుందుర ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో కైండ్లీ తెలియజేయగలరు.

"ఏది, సదువు."

చదివింది.

"ఇంతేనా? నేను అంతసేపు మాట్టాడేనే!"

"ఇంగ్లీషులో అంతే వస్తుంది సార్."

"ఇంగ్లీషోడికి తిట్టడం రాదమ్మీ," అని త్రినాథరావు జాలిపడ్డాడు.

ఆ మధ్యాహ్నం గిరీష్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మెయిల్ చూసేను. కైండ్లీ అన్నారు. అసలు సారు ఏటన్నారు?"

"అదే అన్నారు."

"మా త్రినాథరావు గారా? తొంగున్నావేట్రా అన్నారా?"

కస్తూరి ఫోన్ తీగని వేలికి చుట్టుకుంది.

"సచ్చేవేట్రా అని కూడా అన్నారా?"

"...ఊఁ."

"అమ్మో! అయితే ఇవాళే పంపిస్తాను. సచ్చేవేట్రా వరకూ వచ్చిందంటే అర్జెంటు."

అలా ఒక పద్ధతి ఏర్పడింది. మెయిల్లో మర్యాద, ఫోన్‌లో అసలు మాట. త్రినాథరావు తిట్టేది తిట్టాడు, కస్తూరి రాసేది రాసింది, గిరీష్ ఫోన్ చేసి కనుక్కుని చేసేది చేశాడు. పనులు సాగాయి. హెడ్డాఫీసులో జనరల్ మేనేజర్ శంకరరావు, మెయిల్ ఎలా రాయాలో రాయగడ ఆఫీసుని చూసి నేర్చుకోండి అని అన్ని బ్రాంచీలకీ రాశాడు. కస్తూరి ఆ మెయిల్ ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళి నాన్నకి చూపించింది. ఆమెను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఎండాకాలంలో డిపోల వాళ్ళందరికీ రాయగడలో మీటింగ్ పెట్టారు. ఆ సాయంత్రం గాలివాన. ఆఫీసు మెట్ల మీద ఒక సన్నటి మనిషి నిలబడి తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడుస్తున్న చొక్కా అంతకన్నా తడిగా ఉంది.

కస్తూరి తన చేతిరుమాలు ఇచ్చింది.

"మీరేనా అరిచే మనిషి?"

అతను అద్దాలు పెట్టుకుని చూశాడు. రుమాలు తిరిగివ్వడం మర్చిపోయాడు.

"మీరేనా అరవొద్దనే మనిషి?" అన్నాడు.

వాన తగ్గేదాకా ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. టీ కొట్టు కుర్రాడు రెండు గ్లాసులు ఇచ్చి వెళ్ళాడు. గాలికి వాన జల్లు ఇటు కొట్టినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి వెనక్కి జరుగుతున్నారు.

"ఒక మాట చెప్పనా? కోప్పడకూడదు," అన్నాడు గిరీష్.

"చెప్పండి."

"మెయిల్ తెరవగానే కోపం సారుదని తెలుస్తాది. కైండ్లీ మాత్రం మీదని తెలుస్తాది. దాని కోసమే ఆ నెట్ సెంటర్‌లో దోమలు కుట్టించుకుంటూ కూర్చుంటాను."

కస్తూరి టీ గ్లాసులోకి చూసింది. గ్లాసు ఖాళీ అయిపోయి చాలాసేపయింది. అయినా ఒక గుక్క తాగింది.

వానాకాలం మొదలయ్యే ముందు గిరీష్ తల్లి బుల్లమ్మ కొడుకుని వెంటబెట్టుకుని సంబంధం అడగడానికి రాయగడ వచ్చింది. కోరాపుట్‌లో ఒకప్పుడు వాళ్ళకి కిరాణా కొట్టుండేది. తండ్రి పోయాక కొట్టు పోయింది. ఇప్పుడు ఇల్లు గడిచేది గిరీష్ జీతం మీదే.

కస్తూరి తండ్రి కన్నయ్య మున్సిపాలిటీ పంపుహౌసులో పని చేస్తాడు. వచ్చినవాళ్ళని మంచం మీద కూర్చోబెట్టి తను పీట మీద కూర్చున్నాడు. కుర్రాణ్ణి చూసి మెచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. తర్వాత అడిగాడు.

"ఉద్యోగం పర్మినెంటేనా బాబూ?"

"ఇంకా కాలేదండి. దసరాకి కన్ఫర్మ్ చేస్తామన్నారు," అన్నాడు గిరీష్.

కన్నయ్య తల ఊపాడు. "అమ్మా, దాపరికం ఎందుకు. పంపుహౌసులో నేను సగం వయసు డైలీ లేబరుగానే గడిపేను. పొద్దున్న లేచి సైకిలెక్కితే ఆయేళ పనుంటాదో, పొమ్మంటారో తెలీదు. పొమ్మన్న రోజున ఇంటికొచ్చి ఈ పిల్ల మొకం సూడలేక వీధిలోనే కూకునేవోణ్ణి. ఆ బతుకు దీనికొద్దు. కాగితం రానీండి. వచ్చిన రోజే ముహూర్తం ఎట్టుకుందాం."

"నాయమైన మాటే బాబూ," అంది బుల్లమ్మ. "నేనయినా అదే అందును."

వెళ్తూ వెళ్తూ గిరీష్ గుమ్మం దగ్గర ఆగాడు. "దసరాకి," అన్నాడు గొంతు తగ్గించి. "ఈలోగా నా పేరు మీద ఒక్క రిమార్కు కూడా పడనివ్వకు కస్తూరీ. అంతా నీ చేతిలోనే ఉంది."

మీరు అన్న మాట నువ్వయింది. ఆ సంతోషంలో మిగతా మాటల బరువు ఆమెకి అప్పుడు తెలియలేదు.

శ్రావణంలో వానలు మొదలై ఆగలేదు. ఘాటీ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. పొట్టంగిలో ఆడపిల్లల హాస్టలు బావికి కంపెనీ వేసిన మోటారు కాలిపోయింది. పిల్లలు బిందెలు పట్టుకుని వానలో గెడ్డ దాకా నడిచి ఆ వాగునీళ్ళు మోసుకుంటున్నారు. కొత్త మోటారు డిపోలో సిద్ధంగా ఉందని, రోడ్డు తెరిస్తే పంపుతానని గిరీష్ అక్కడి డీలరుకి చెప్పాడు. డీలరు ఆగలేదు. డిపో వాడు పట్టించుకోవడం లేదని హెడ్డాఫీసుకి ఫిర్యాదు చేశాడు.

శంకరరావు నుంచి ఫోన్ వచ్చింది. త్రినాథరావు నిలబడే మాట్లాడాడు. పెట్టేసి చాలాసేపు కూర్చోలేదు.

"అమ్మీ, మెయిల్ తెరు. ఇది మామూలు సంగతి కాదు. డిపోలు తగ్గించాలని పైనోళ్ళకి ఎప్పట్నుంచో ఉంది. సాకు దొరికింది. గిరీషుకి రాయి. 'రేపు సాయంత్రం లోగా రాతలో సంజాయిషీ రాకపోతే నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు.' ఉన్నదున్నట్టు రాయి. తీసేస్తారు అనే రాయి. నీ కైండ్లీలు ఈసారి వద్దు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

గుణుపూర్ డీలర్ల దగ్గర పని ఉండి ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు.

కస్తూరి కొట్టడం మొదలుపెట్టింది. డియర్ మిస్టర్ గిరీష్. తర్వాత ఆ మాట కూడా కొట్టింది. టెర్మినేట్. తెరమీద అతని పేరు, దాని కిందే ఆ మాట. రెండూ అంత దగ్గరగా ఉంటే చూడలేకపోయింది. ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది.

గోడ మీద కాగితంలో బెదిరింపు మాటలు వాడరాదు అనే ఉంది. ఆ వాక్యాన్ని ఇంకోసారి చదువుకుని ధైర్యం తెచ్చుకుంది. ఎలాగూ ఫోన్ చేస్తాడు. ఫోన్ చేయకపోతే తనే చేస్తుంది. అసలు మాట చెప్పడానికి ఫోన్ ఉండనే ఉంది కదా.

ఆమె రాసింది. పొట్టంగి మోటారు విషయమై మీ అభిప్రాయం వీలైనంత త్వరలో కైండ్లీ తెలియజేయగలరు. రిగార్డ్స్.

పంపేసి వెంటనే కోరాపుట్ డిపోకి ఫోన్ చేసింది. అవతల రింగు లేదు, పలుకు లేదు. వానకి డిపో లైను పోయినట్టుంది. మళ్ళీ చేసింది. ఆఫీసు మూసేదాకా చేస్తూనే ఉంది. కోరాపుట్‌లో ఆమెకి తెలిసిన నంబరు అదొక్కటే.

పొద్దున్నే వచ్చి మళ్ళీ చేసింది. అదే చచ్చిన లైను. టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసుకి పరుగెత్తింది. ఎప్పటికి చేరుతుందో చెప్పలేమన్నారు. అయినా ఇచ్చింది. ఆఫీసుకి తిరిగొచ్చి మెయిల్ తెరిచింది. కాప్స్ లాక్ నొక్కింది. తను కాపిటల్ లెటర్స్ వాడడం అదే మొదలు. డియర్ లేదు, కైండ్లీ లేదు, రిగార్డ్స్ లేదు.

ఇవాళ సాయంత్రంలోగా జవాబు రాయకపోతే నీ ఉద్యోగం పోతుంది. నిన్న నేను రాసింది నమ్మకు. వెంటనే ఫోన్ చెయ్యి. కస్తూరి.

మోడెమ్ కీచుమంటూ, గరగరలాడుతూ ఆ మెయిల్ని తీసుకెళ్ళింది. ఆమె ఎదురుచూసింది. నెట్ పెట్టింది, తీసింది, పెట్టింది. ఫోన్ ఒకసారి మోగింది. గుడారి నుంచి ఎవరో పైపుల ధర అడిగారు. చెప్పింది. రెండుసార్లు తప్పు చెప్పిందని అవతలి మనిషి, "ఒంట్లో బాగులేదా అమ్మీ?" అన్నాడు.

అతను నెట్ సెంటర్‌కి వెళ్ళి ఉంటే చాలు. ఒక్కసారి వెళ్ళి ఉంటే చాలు. కస్తూరి ఆ రోజంతా అదే ఒక్క మాట మనసులో అనుకుంటూ కూర్చుంది. గడియారం వైపు చూడకుండా ఉండడానికి కుర్చీ తిప్పుకుంది. కిటికీలోంచి వెలుతురు తగ్గడం కనిపించకుండా చెయ్యలేకపోయింది.

ఆఫీసు మూసే వేళకి మెయిల్ వచ్చింది. కోరాపుట్ నుంచి కాదు. శంకరరావు నుంచి గిరీష్‌కి, రాయగడ ఆఫీసుకి నకలు. చాలా చక్కటి మెయిల్. సబ్జెక్ట్ ఉంది. డియర్ మిస్టర్ గిరీష్ ఉంది. మీ సేవలు ఇకపై అవసరం లేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము అని ఉంది. మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాము అని ఉంది. చివర విత్ వార్మ్ రిగార్డ్స్.

ఎక్కడా ఒక్క పరుషమైన మాట లేదు.

మర్నాడు త్రినాథరావు వచ్చేసరికి కస్తూరి తన మొదటి మెయిల్ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది.

ఆయన కూడబలుక్కుంటూ చదివాడు.

"తీసేస్తారన్న మాట ఏదమ్మీ?"

"పెట్టలేదు సార్."

"మరి మొన్న సంగతి? అటు మొన్నది? నేను సెప్పినయ్యన్నీ ఇలాగే రాసేవా?"

"ఊఁ. అసలు మాట ఫోన్‌లో చెప్పేదాన్ని."

ఆయన అరుస్తాడని ఆమె ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననుకుంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నా నోటికి ఊరంతా బయపడతారమ్మీ. ఇన్నేళ్ళలో ఆ తిట్లు ఒక్కడి కూడూ తియ్యలేదు," అన్నాడు చిన్నగా. తర్వాత విశాఖపట్నం ఫోన్ చేసి శంకరరావుని బతిమాలాడు. ఆమె ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. బాబ్బాబు అన్నాడు. అవతల ఒప్పుకోలేదు.

ఆ రోజే కస్తూరి హెడ్డాఫీసుకి సొంతంగా మెయిల్ రాసింది. మేనేజరు చెప్పిన మాట మార్చింది నేను. గడువు సంగతి నేను రాయలేదు. గిరీష్ తప్పేమీ లేదు. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. మీ నిజాయితీకి ధన్యవాదాలు. మిస్టర్ గిరీష్ విషయంలో నిర్ణయం మార్చలేనందుకు చింతిస్తున్నాము. మీ సేవలు కూడా ఇకపై అవసరం లేదు.

గిరీష్ ఫోన్ చెయ్యలేదు. మెయిల్ రాయలేదు. త్రినాథరావుకి తెలిసినవాళ్ళ ద్వారా అతను డిపో అప్పగించేస్తున్నాడని తెలిసింది.

ఇంట్లో కన్నయ్య అంతా విన్నాడు. అన్నం కంచం ముందు కూర్చుని తినకుండా విన్నాడు.

"నువ్వెవర్నీ నొప్పించలేవమ్మీ. సిన్నప్పట్నుంచీ అంతే. నేను మీ అమ్మని ఏదైనా అంటే ఆ మాట మార్చి సెప్పేదానివి," అన్నాడు. "కోరాపుట్ ఎల్లు. ఆ కుర్రోడికి నీ నోటితో సెప్పు. ఆడు తిడితే పడు."

లక్ష్మీపూర్ మీదుగా బస్సు. మలుపు మలుపుకీ ఎర్రమట్టి రోడ్డు మీదికి జారి ఉంది. డ్రైవరు దిగి చూసి మళ్ళీ ఎక్కుతున్నాడు. కస్తూరి దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ఏ మాట కూర్చినా మెత్తగానే వచ్చింది. కోరాపుట్‌లో దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

డిపో తలుపుకి కొత్త తాళం వేసి ఉంది. ముందు వరండాలో బెంచీ మీద గిరీష్ కూర్చున్నాడు. పక్కన గుడ్డసంచీ, గొడుగు. రేకుల మీద వాన చప్పుడు.

ఆమెని చూసి లేవలేదు.

"ఎందుకొచ్చేరు?" అన్నాడు.

నువ్వు మళ్ళీ మీరైపోయింది.

"చెప్పాలని."

"ఏటి చెప్తారు? లైను పోయిందనా? తెలుసు. మీ మెయిల్ ఆ సాయంత్రమే చూసేను. అభిప్రాయం అన్నారు. వీలైనంత త్వరలో అన్నారు. కైండ్లీ అన్నారు. అసలు మాట అడగడానికి లైను లేదు. సారు ఇవాళ చల్లగా ఉన్నారనుకున్నాను. రోడ్డు తెరిచేరని తెలిసి తెల్లారే మోటారు జీపులో వేసుకుని పొట్టంగి వెళ్ళిపోయేను. అభిప్రాయం కన్నా నీళ్ళు ముఖ్యం కదాని."

"మోటారు పెట్టారా?"

"పెట్టేను. నీళ్ళు వచ్చేయి. పిల్లలు చప్పట్లు కొట్టేరు. వచ్చి ఆ సంగతే రాద్దామని నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. రెండు మెయిళ్ళున్నాయి. ముందు మీది చదివేను, తర్వాత హెడ్డాఫీసుది." అతను ఆగాడు. "మీకు అంత సూటిగా రాయడం వచ్చని అప్పుడే తెలిసింది."

కస్తూరి తల వంచుకుంది.

"ఉద్యోగం పోయిందని కాదు నా బాధ. అది కూడా బాధేలెండి. ఆ మాట నేను వినలేననుకున్నారు చూడండి, అది. సారు నన్ను రోజూ సచ్చేవేట్రా అనేవారు. విన్నాను. మీరు రాస్తే వినలేనా?"

"వినలేరని కాదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నేనే రాయలేకపోయాను. ఒకసారి కొట్టేను. మీ పేరు కింద ఆ మాట చూసి చెరిపేశాను. నాకు మీరంటే ఇష్టం. ఇది ముందే చెప్పి, అది కూడా రాయాల్సింది. రెండూ చెయ్యలేదు. మిమ్మల్ని ముంచింది నేనే."

అతను గుడ్డసంచీ ముడి విప్పి మళ్ళీ వేశాడు.

"మీ నాన్నగారు అడిగిన కాగితం ఇక రాదు. రాయపూర్‌లో మేనమామ కొట్టుంది. రమ్మన్నాడు. అక్కడ రోజు కూలే. మీరు ఇంకెవర్నైనా..." ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"నాకూ ఉద్యోగం లేదు," అంది కస్తూరి. "తీసేశారు."

"నిన్నా? ఎందుకు?"

"మాట మార్చింది నేనని హెడ్డాఫీసుకి రాశాను."

"ఎవరడిగేరు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

గిరీష్ కళ్ళద్దాలు తీశాడు. నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కస్తూరి కదల్లేదు. ఓదార్చడానికి ఒక్క మంచి మాట కూడా నోటికి రానివ్వలేదు. అతన్ని ఏడవనిచ్చింది.

వరండా చివర అడుగుల చప్పుడైంది. కొడుకు కోసం బుల్లమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. కొడుకుని చూసింది, ఆ అమ్మాయిని చూసింది.

"మావోడి ఉద్యోగం తీయించింది నువ్వేనా అమ్మీ?"

"అమ్మా, అలాక్కాదు..." అన్నాడు గిరీష్ లేస్తూ.

"నేనేనండి," అంది కస్తూరి. "రాయమన్న మాట రాయలేదు. అందుకే పోయింది."

బుల్లమ్మ గొడుగు ముడిచింది. దాన్ని గోడకి ఆనించింది. అది జారి పడితే మళ్ళీ ఆనించింది.

"నాకు నీ మీద శానా కోపంగా ఉంది," అంది. "ఇయ్యాలో రేపో పోయే కోపం కాదు. ఆడు రాయపూర్ ఎల్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. ఈ కోపం పోయేదాకా నువ్వొచ్చి నా ఎదర కూకుంటావా? తిడతాను మరి."

"వస్తానండి."

"మీ నాన్న?"

"తిడితే పడమని పంపించేడు."

బుల్లమ్మ కొడుకు సంచీ ఎత్తి చూసి, బరువుందో లేదో తేల్చుకోలేనట్టు మళ్ళీ కింద పెట్టింది.

రాయపూర్ బస్సుకి ఇంకా వ్యవధి ఉంది. గిరీష్ ఎవరి వైపూ చూడలేదు. తడి చెంపలు తుడుచుకోలేదు. మళ్ళీ బెంచీ మీద కూర్చుని, కస్తూరి కూర్చునేంత చోటు వదిలి కాస్త పక్కకి జరిగాడు.